బీపీ గోళీ మానేసి, నొప్పుల సూది వేయించుకుంటున్న బాపు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నేను హనుమకొండలో ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను. మా బాపుకు 58 ఏళ్లు. పత్తి, మిర్చి వేస్తాడు. పోయిన ఏడాది ఏఎన్ఎం ఇంటికొచ్చి చూస్తే బీపీ 168/102 ఉంది. పీహెచ్‌సీలో డాక్టరమ్మ రోజుకొకటి టెల్మిసార్టాన్ 40 గోళీ రాసింది. రెండు నెలలకు 132/84కు వచ్చింది. నార్మల్ అయింది కదా అని మానేశాడు. ‘తలకాయ నొస్తలేదు, కండ్లు తిరుగుతలేవు, నాకు బీపీ ఏడిది?’ అంటాడు. ఆ గోళీలు వాడితే కిడ్నీలు ఖరాబైతయని ఎవరో చెప్పారట. మోకాళ్ల నొప్పులకు మాత్రం వారానికి రెండుసార్లు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు, పొట్లంలో గోళీలు తెచ్చుకుంటాడు. మొన్న పట్టుబట్టి పరీక్ష చేయిస్తే బీపీ 176/104, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినైన్ 1.5 వచ్చాయి. షుగర్ లేదు. ఆ బీపీ గోళీ వల్లనే కిడ్నీ దెబ్బతిన్నదా? గోళీలు లేకుండా తగ్గే దారి లేదా? చెప్తే వినడు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, హనుమకొండ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ‘వారానికి రెండుసార్లు సూది’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ బాపు కిడ్నీలకు భయపడి మానేసింది కిడ్నీలను కాపాడే గోళీని. ధైర్యంగా వేయించుకుంటున్నది కిడ్నీలకు నిజంగా చేటు చేసే మందుని. మీ బాపు ఒక్కడే ఇలా లేడు. మన వైపు పల్లెల్లో పత్తి ఏరి, మిర్చి కోసి, వంగి వంగి నడుములు, మోకాళ్లు పట్టేసినవాళ్లలో చాలామంది ఇదే దారిలో ఉన్నారు. అందుకే మీ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు ఆ సూది సంగతి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లలో ఎక్కువగా వేసేది డైక్లోఫినాక్. పొట్లంలో కట్టిచ్చే గోళీల్లో డైక్లోఫినాక్ గానీ, ఎసిక్లోఫినాక్ గానీ, ఇబుప్రోఫెన్ గానీ ఉంటుంది. ఇవి నొప్పిని తగ్గిస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ కిడ్నీలోకి రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు తెరుచుకుని ఉండడానికి శరీరం తయారుచేసుకునే ఒక పదార్థాన్ని కూడా ఇవి అడ్డుకుంటాయి. అప్పుడు కిడ్నీకి రక్తం తక్కువగా అందుతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది. బీపీకి గోళీ వేసుకుంటున్నా సరే, దాని పనిని కూడా ఇవి తగ్గిస్తాయి. ఎప్పుడో ఒకసారి పంటినొప్పికి ఒక గోళీ వేసుకున్న ఆరోగ్యవంతుడికి దీనివల్ల పెద్దగా ఏమీ కాకపోవచ్చు. అరవైకి దగ్గరపడిన మనిషి, బీపీ ఉన్న మనిషి, నెలల తరబడి వారానికి రెండుసార్లు వాడితే సంగతి వేరు. దానికి తోడు మన ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. మిరప కల్లంలో పొద్దంతా చెమటోడ్చి, సరిగ్గా నీళ్లు తాగకుండా సాయంత్రం సూది వేయించుకుంటే కిడ్నీ మీద రెండు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది.

పొట్లాల్లో ఇంకొకటి కూడా కలుస్తుంటుంది. చిన్నగా ఉండే స్టెరాయిడ్ గోళీ, లేదా సూదిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. అది వేసిన గంటల్లోనే ఒళ్లంతా తేలికైనట్టు, ఆకలి పుట్టినట్టు ఉంటుంది. అందుకే ‘ఆ డాక్టర్ చెయ్యి మంచిది’ అని పేరొస్తుంది. అదే పనిగా వాడితే బీపీ, షుగర్ రెండూ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది. మీ బాపు పొట్లంలో అది ఉందో లేదో నేను చెప్పలేను, మీరు తెలుసుకోవాలి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఆర్‌ఎంపీని కలవండి. గొడవకు వెళ్లొద్దు. అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనే, మీ బాపుకు ఆయన మీద నమ్మకముంది. ఆ నమ్మకాన్ని మీరు వాడుకోవాలి. ‘అన్నా, బాపుకు కిడ్నీ రిపోర్టు ఇట్లొచ్చింది, ఇప్పటిదాకా ఏ సూదులు వేసిండ్రో కాయితం మీద రాసియ్యరాదు’ అని అడగండి. రిపోర్టు చూపించండి. రిపోర్టు కళ్లతో చూశాక డైక్లో వేయడానికి చాలామంది వెనకాడతారు. ఒకవేళ స్టెరాయిడ్ చాలాకాలంగా వాడుతున్నారని తేలితే దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే మనిషి కుప్పకూలే ప్రమాదముంది. డైక్లోఫినాక్ లాంటివి మాత్రం ఇవాళ్టి నుంచే ఆపేయవచ్చు.

ఇక మీరు అడిగిన మొదటి ప్రశ్న. టెల్మిసార్టాన్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నదా? మీరు చెప్పిన వరుస చూస్తే దాని మీద నింద వేయడానికి ఆధారం లేదు. ఆయన రెండు నెలలు వాడి నెలల కిందటే మానేశాడు. ఆ తర్వాత బీపీ మందు లేకుండా ఉంది, సూదులు పడుతూనే ఉన్నాయి. ఆ రెండిట్లో ఏదైనా కిడ్నీని దెబ్బతీయగలదు, రెండూ కలిస్తే మరీ సులువు. ఎక్కువ ఒత్తిడితో వచ్చే రక్తం కిడ్నీలోని సన్నటి వడపోత గుచ్ఛాలను ఏళ్ల తరబడి కొడుతూ ఉంటే అవి గట్టిపడి పనికిరాకుండా పోతాయి. టెల్మిసార్టాన్ ఆ గుచ్ఛాల లోపలి ఒత్తిడిని తగ్గిస్తుంది. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకు కిడ్నీని కాపాడడం కోసమే ఈ రకం మందులు ఇస్తారు.

మరి ఆ పుకారు ఎక్కడి నుంచి వచ్చింది? దానికీ ఒక మూలం ఉంది. ఈ రకం గోళీ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి క్రియాటినైన్ కొద్దిగా పెరుగుతుంది. లోపలి ఒత్తిడి తగ్గినందువల్ల వచ్చే మార్పు అది. 30 శాతం లోపు పెరిగి అక్కడే ఆగితే సాధారణంగా మందు కొనసాగిస్తారు. అంతకు మించితేనో, పొటాషియం పెరిగితేనో డాక్టర్ మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. అందుకే మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు ఒకసారి రక్తపరీక్ష చేయించమంటారు. ఆ పరీక్ష కాయితం చూసి సగం తెలిసినవాళ్లు ‘గోళీ కిడ్నీని తింటోంది’ అనేస్తారు. అది నోటికి నోటికి పాకుతుంది.

1.5 అంటే ఎంత భయపడాలి అని మీకు ఉండే ఉంటుంది. 58 ఏళ్ల మగమనిషికి ఆ అంకె మీద లెక్క కడితే కిడ్నీ వడపోత సుమారు 53 దగ్గర వస్తుంది. 90కి పైన ఉంటే నిక్షేపం, 60 కంటే తక్కువ మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. మీ దగ్గర ఉన్నది ఒక్క పరీక్షే. సూదుల వల్ల, ఒంట్లో నీరు తగ్గడం వల్ల తాత్కాలికంగా పెరిగినదైతే అవి మానేశాక దిగివచ్చే అవకాశం ఉంది. డయాలసిస్ మాట ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. ఆ మాట వింటే ఆయన దవాఖాన గడపే తొక్కడు. నొప్పుల సూదులు పూర్తిగా మానిపించి, రెండు మూడు వారాల తర్వాత క్రియాటినైన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్, ఈ మూడూ చేయించండి. షుగర్ లేదన్నారు, అయినా పనిలో పనిగా అదీ ఒకసారి చూపించండి. ప్రైవేటు ల్యాబుకే పోనక్కర్లేదు. పీహెచ్‌సీలో రక్తం, మూత్రం తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పంపించే ఏర్పాటు ఉంది, డబ్బులు తీసుకోరు.

‘తలనొప్పి లేదు, నాకు బీపీ ఏడిది’ అన్న మాటకు వస్తాను. అంత బీపీ ఉండి ఏ బాధా లేకపోవడమే ఎక్కువమందిలో జరిగేది. బీపీ ఉన్నట్టు ఒంటికి తెలియదు, పట్టీ కట్టి చూస్తేనే తెలుస్తుంది. తల తిరిగినప్పుడే బీపీ చూపించుకుని, బాగున్నప్పుడు మానేసేవాళ్లు పక్షవాతంతో మంచాన పడ్డాక ‘నిన్నటిదాకా గుండ్రాయి లెక్క ఉండె’ అని ఇంట్లోవాళ్లు ఏడవడం నేను చూశాను. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే రోజుకొక గోళీతో ఆ గండాన్ని చాలావరకు తప్పించవచ్చు.

నార్మల్ అయిందని మానేయడం గురించి మీ బాపుకు ఆయన పనిలోంచే చెప్పండి. మోటరు నడిచినంతసేపు మడిలోకి నీళ్లు వస్తాయి. నీళ్లు వస్తున్నాయి కదా అని మోటరు బంద్ పెడితే కాసేపటికి కాలువ ఎండుతుంది. 132/84 వచ్చిందంటే గోళీ నడుస్తున్నట్టు. మానేశాక 176/104 వచ్చింది, ఆయన కాయితం మీదే ఆ రుజువు ఉంది.

అయితే ఆ 176 అంకెను కూడా నేను కళ్లు మూసుకుని నమ్మను. ఎలా చూశారో మీరు రాయలేదు. బస్సు దిగి, మెట్లెక్కి, మీతో వాదించుకుంటూ వచ్చిన మనిషికి వెంటనే పట్టీ కడితే పది, ఇరవై పాయింట్లు ఎక్కువ చూపించవచ్చు. ఇంట్లో మిషన్ కొంటే చేతి మణికట్టుకు పెట్టేది వద్దు, దండచేతికి కట్టేది తీసుకోండి. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చాక, వీపు ఆనుకునే కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు రెండూ నేల మీద ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండనివ్వండి. మంచం అంచున కూర్చుని కాళ్లు వేలాడేస్తే లెక్క తప్పుతుంది. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి, చొక్కా చెయ్యి పైకి లాగి పట్టీ ఒంటికే కట్టాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దునా సాయంత్రం వారం రోజులు ఇలా రాసిన పుస్తకం డాక్టర్‌కు ఎంతో పనికొస్తుంది. ఇంట్లో చూసినప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. మీ బాపు విషయంలో వారం పూర్తయ్యేదాకా మందు ఆపి కూర్చోవద్దు. రెండు వేర్వేరు కాలాల్లో 160 పైనే వచ్చింది కాబట్టి ఈ వారంలోనే పీహెచ్‌సీకి తీసుకెళ్లి, క్రియాటినైన్ రిపోర్టు చూపించి, గోళీ మళ్లీ మొదలుపెట్టించండి. పాత చీటీ చూసి మీరే కొని వేయొద్దు, ఈ కిడ్నీ రిపోర్టు తర్వాత ఏ మందు, ఎంత అన్నది డాక్టర్ తేల్చాలి. ఎమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ గోళీ కూడా ఇవ్వవచ్చు. దానివల్ల కొందరికి పాదాలు వాస్తాయి. అలా వస్తే ‘కిడ్నీ పోయింది’ అని కంగారుపడి మానేయకుండా వెళ్లి చెప్తే మారుస్తారు.

గోళీలు లేకుండా తగ్గే దారి గురించి అడిగారు. 140/90 దగ్గర ఊగుతున్నవాళ్లకు కొన్నాళ్లు తిండి, నడక, బరువు మీద ప్రయత్నించి చూడమని చెప్తాం. 176/104 ఉన్నచోట ఆ ప్రయత్నం గోళీతో పాటు చేయాలి, గోళీకి బదులుగా చేయకూడదు. అది బాగా ఫలిస్తే ముందుముందు మోతాదు తగ్గించవచ్చు. వెల్లుల్లి, మెంతులు, ఎవరో ఇచ్చే చూర్ణాలు ఈ స్థాయి బీపీని దించుతాయని ఆశపడొద్దు.

తిండిలో మన దగ్గర అసలు దొంగ ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. చెంచాలు ఎవరూ కొలవరు కాబట్టి ఇంకో లెక్క చెప్తాను. ఊళ్లో అమ్మ, బాపు ఇద్దరే ఉంటే తొక్కుల్లో వేసేదాంతో కలిపి కిలో ఉప్పు ప్యాకెట్ మూడు నెలలు రావాలి. అమ్మను అడగండి, ఎన్నాళ్లు వస్తోందో. కూరలో కొంచెం తగ్గించడం తేలికే. కష్టమైంది పొద్దున గట్కలోకి తొక్కు, మధ్యాహ్నం అన్నంలోకి తొక్కు, రాత్రి కూర నచ్చకపోతే మళ్లీ తొక్కు. మామిడికాయ తొక్కు మానేయమని నేను చెప్పను, చెప్పినా జరగదు. రోజుకు ఒకపూట, గోరంత. ఎండుచేపలు, అప్పడాలు, మిక్చర్ ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయండి. చల్లలో ఉప్పు వేసుకునే అలవాటు ఉంటే బదులుగా నిమ్మరసం, కొత్తిమీర వేయండి. కడుపు ఉబ్బరానికి తాగే ఈనో లాంటి పొడుల్లోనూ సోడియం బాగా ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు. సైంధవ లవణం వాడితే ఏమీ కాదన్నది తప్పు, అందులోనూ ఉన్నది చాలావరకు అదే సోడియం. ‘లో సోడియం’ అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ పని తగ్గినవాళ్లకు, టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు అది ప్రమాదం కావచ్చు, డాక్టర్‌ను అడగకుండా కొనొద్దు.

కల్లు, మందు అలవాటు గురించి మీరు రాయలేదు. ఉంటే అవీ బీపీని పెంచుతాయి, డాక్టర్ దగ్గర దాచొద్దు. బీడీ ఉంటే ఎలాగైనా మాన్పించాలి.

ఇప్పుడు మోకాళ్లు. ఇది తేలకపోతే పై మాటలన్నీ దండగ, ఎందుకంటే నొప్పి భరించలేక ఆయన మళ్లీ సూదికే పోతాడు. ఆయన నొప్పి నిజం, దాన్ని కొట్టిపారేయకండి. ఈ వయసులో, ఈ పనిలో, ఎక్కువగా ఉండేది మోకాలి అరుగుదల. నొప్పికి పారాసిటమాల్ ఇలాంటివాళ్లకు మేలు, మోతాదు డాక్టర్ చెప్పినంతే. మోకాలి మీద రాసుకునే జెల్‌లోనూ డైక్లోఫినాక్ ఉంటుంది గానీ రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ, అయినా కిడ్నీ రిపోర్టు చూపించి అడిగాకే వాడండి. పొద్దున వేడినీళ్ల కాపడం పెట్టండి. అన్నిటికంటే ఎక్కువకాలం పనిచేసేది తొడ కండరాలకు బలం ఇవ్వడం. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలిని చాచి బిగబట్టి జానెడు ఎత్తు లేపి, ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. మొదటి వారం ఏమీ తెలియదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వదలకుండా చేస్తే మెట్లెక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. గొంతుకూర్చుని చేసే పని తగ్గించాలి. కలుపు తీసేటప్పుడు, మిర్చి ఏరేటప్పుడు చిన్న పీట వేసుకోమనండి. మరుగుదొడ్డిలో పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ దొరుకుతుంది, ఆయనకు దాంతో ఎంతో సుఖంగా ఉంటుంది. మోకాలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరమొచ్చినా అది అరుగుదల ఒక్కటే కాకపోవచ్చు, వెంటనే చూపించాలి.

చెప్తే వినడన్నారు. ఫోన్‌లో వాదించడం ఆపేయండి. బిడ్డ పట్నం నుంచి ఫోన్ చేసి హెచ్చరిస్తే ఏ తండ్రికైనా మొండితనమే వస్తుంది. ఆయన మాట వినే మనిషి ఎవరో చూడండి, బావనో, తోటి రైతో, బీపీ గోళీలు ఏళ్లుగా వాడుతూ పొలం పని చేసుకుంటున్న ఊళ్లోవాడో. ఒక్క అనుభవస్తుడి మాట మీ పది మాటలకు సాటి. గోళీని పొద్దున చాయ్‌తో ముడిపెట్టండి, డబ్బా చాయ్ గిన్నె పక్కనే ఉండాలి. పల్లె దవాఖానలో నెల మందులు ఉచితంగా ఇస్తారు, ఆశమ్మకు ఒక మాట చెప్పి పెట్టండి. దేశంలో బీపీ రోగులను వదలకుండా పట్టుకుని మందు అందించే ప్రభుత్వ కార్యక్రమం మొదట మొదలైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఏఎన్ఎం ఇంటికొచ్చి బీపీ చూసిందంటే అలాంటి ఏర్పాటు మీ ఊరి దాకా వచ్చినట్టే.

గోళీ మళ్లీ మొదలయ్యాక ఒక జాగ్రత్త. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవని రోజున టెల్మిసార్టాన్ వేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. తేరుకుని మామూలుగా తిని తాగుతున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆ తాత్కాలిక ఆపడాన్ని ఆయన శాశ్వతం చేసుకోకుండా చూసుకోవాల్సింది మీరే.

మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా ఆర్‌ఎంపీ దగ్గరికి గానీ, ఆకుపసరు పోసే చోటికి గానీ తీసుకెళ్లి సమయం పోగొట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, పక్షవాతం అనుమానమని చెప్పి, సీటీ స్కాన్ ఉన్న పెద్ద దవాఖానకు, మీకైతే వరంగల్‌కు, చేరాలి. రక్తం గడ్డను కరిగించే సూది పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే, అదీ స్కాన్ తీశాక. లక్షణం ఎన్ని గంటలకు కనిపించిందో గడియారం చూసి గుర్తుపెట్టుకోమని అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, ఉన్నట్టుండి చూపు మసకబారడం, వీటిలో ఏదొచ్చినా అదే దారి. బీపీ 180/120 దాటి, ఇలాంటి బాధ ఏదైనా తోడైతే అసలు ఆలస్యం చేయొద్దు.

మీ గురించి ఒక్క మాట. తండ్రికి బీపీ ఉంది కాబట్టి మీరూ ఏడాదికొకసారి చూపించుకోండి. మీకు అన్నదమ్ములుంటే వాళ్లకూ చెప్పండి.

సూదులు ఆపిన రోజు తేదీ రాసిపెట్టుకోండి. మళ్లీ పరీక్ష చేయించాక క్రియాటినైన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ అంకెలు, వారం రోజుల బీపీ పుస్తకం, ఆర్‌ఎంపీ రాసిచ్చిన కాయితం, ఈ మూడూ డాక్టర్ ముందు పెట్టండి. నాకూ రాయండి, చూసి చెప్తాను.